ఫొటో పెడితే ‘సూపర్’ అంటారు, లేదంటే ‘షార్ప్‌గా లేదు’ అని వదిలేస్తారు. పనికొచ్చే మాట రాబట్టేదెలా?

మీరు బరంపురం నుంచి అడిగిన ప్రశ్న ఇదీ: గోపాల్‌పూర్ తీరంలో తెల్లవారుజామున తీసిన ఫొటోలు ఓ పదిహేను వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అందరూ సూపర్ అన్నారు, ఒకాయన మాత్రం షార్ప్‌గా లేదన్నారు, అంతే.

పదిహేను ఒక్కసారే పడేస్తే ఎవరూ ఒక్కటీ చూడరండి. ఒక్కటే పెట్టండి. అది కూడా మామూలు ఫొటోలా కాకుండా డాక్యుమెంటుగా పంపండి. మామూలుగా పంపితే వాట్సాప్ కుదించేస్తుంది, ఫైల్లో ఉండే సెట్టింగుల వివరాలూ పోతాయి. కుదించిన ఫొటో చూసి షార్ప్‌నెస్ గురించి చెప్పే మాటకి విలువ లేదు. కింద రెండు లైన్లు రాయండి: ‘250 మి.మీ., 1/125, ఎఫ్ 5.6, ఐఎస్ఓ 100. వల లాగే మనిషి చేతుల మీద చూపు నిలవాలనుకున్నా. నిలుస్తోందా?’ (అంకెలు వరుసగా: లెన్స్ ఎంత దగ్గరగా చూపిస్తుందో, షట్టర్ సెకనులో ఎన్నో వంతు తెరుచుకుందో, లెన్స్ ద్వారం ఎంత తెరిచారో, వెలుతురుకి సెన్సర్ ఎంత స్పందిస్తుందో.) ‘ఎలా ఉంది?’ అని అడిగితే ‘బాగుంది’ తప్ప ఇంకేం వస్తుంది?

ఆ అంకెలుంటే తెలిసినవాళ్లు సగం జవాబు ఫొటో తెరవకముందే చెప్పేస్తారు. ఏపీఎస్-సీ (చిన్న సెన్సర్) కెమెరాలో 250 మి.మీ. అంటే 1.5తో గుణించి 375 లెక్క. చేత్తో పట్టి తీస్తే షట్టర్ సెకనులో అన్నో వంతుకి, అంటే దాదాపు 1/400కి తగ్గకూడదు. లెన్స్‌లో స్టెబిలైజేషన్ ఉంటే చేతి వణుకు వరకే కాస్తుంది, వల లాగే చెయ్యి కదలికని ఆపదు. ఐఎస్ఓ 100 నుంచి 800కి పెంచితే మూడు స్టాపులు (ఒక్కో స్టాపు అంటే రెట్టింపు) దొరికి, అదే వెలుతురులో 1/125 కాస్తా 1/1000 అవుతుంది.

అంకెలు బాగానే ఉన్నా మసకగా ఉంటే ఫొటోని 100 శాతానికి పెద్దది చేసి చూడండి. అంచులన్నీ ఒకే దిక్కుకి సాగి ఉంటే చేతి వణుకు. పడవ స్పష్టంగా ఉండి మనిషి ఒక్కడే చెదిరితే అతని కదలిక. మనిషి మసకగా ఉండి వెనకాల ఇసుక స్పష్టంగా ఉంటే ఫోకస్ తప్పింది. ఫోకస్ పాయింట్ ఒక్కటే ఎంచుకుని ముఖం మీద పెట్టండి. ఫ్రేమంతా పాలిపోయి, ఎక్కడా నలుపు నలుపుగా లేకపోతే అనుమానించాల్సింది లెన్స్ అద్దాన్ని. ఏసీ గదిలోంచి నేరుగా తీరానికి తెస్తే ఆవిరి పడుతుంది. అరగంట ముందే బయటపెట్టి, బ్యాగు జిప్పు తియ్యకుండా ఉంచాలి. ఉప్పు తుంపర్లయితే ముందు బ్లోయర్‌తో ఇసుక ఊది, తర్వాతే తుడవాలి. ఊదకుండా తుడిస్తే గీతలు ఖాయం.

కాబట్టి ‘షార్ప్‌గా లేదు’ అన్నాయన్ని తిరిగి అడగాల్సింది ఒక్కటే: ఎక్కడ?

మీరు ఇంకొకరి ఫొటో గురించి చెప్పేటప్పుడూ అదే పద్ధతి: చోటు, కారణం, ఈసారి చెయ్యాల్సింది. ‘కంపోజిషన్ వీక్’ అంటే ఎవరికీ ఏమీ తెలియదు. ‘కుడి అంచున సగం తెగిన తెడ్డు చూపుని బయటికి లాగుతోంది, ఒకడుగు వెనక్కి వేసి పూర్తిగా పట్టండి, లేదా పూర్తిగా వదిలెయ్యండి’ అంటే రేపే చేసుకోవచ్చు. తర్వాత సరిదిద్దగలవీ లేనివీ వేరుచేసి చెప్పండి. సముద్రం గీత ఒరిగితే స్నాప్‌సీడ్ యాప్‌లో నిమిషం పని. జేపెగ్‌లో పూర్తిగా తెల్లబోయిన ఆకాశం ఇక రాదు, అది తీసేటప్పుడే చూసుకోవాలి. ఒక ఫొటోకి రెండు లోపాలు చాలు. మంచి లెన్స్ కొనుక్కో అనే సలహా మాత్రం వద్దు, అది ఫొటో గురించి మాట కాదు.

ఉద్దేశం అడక్కుండా తీర్పు చెప్పడం కూడా తొందరే. తూర్పు తీరం కదా, పొద్దున్నే సముద్రం వైపు తిప్పితే ముఖాలు నల్లబడతాయి. కావాలని సిల్హౌట్ (నీడబొమ్మ) తీశారేమో! అలాగైతే చూడాల్సింది, మనుషులు ఒకరి మీద ఒకరు పడి ముద్దయిపోయారా అన్నది. ముఖాలే కావాలంటే ఎక్స్‌పోజర్ +1 పెట్టాలి (ఒక స్టాపు వెలుతురు పెంచాలి), ఆకాశం పోయినా ఒప్పుకోవాలి. లేదా సూర్యుడు పక్కనుంచి పడేలా తిరగాలి.

అందరూ నాయిస్ (ఐఎస్ఓ పెంచితే ఫొటోలో కనిపించే గరుకు) గురించే సణుగుతారు, నాకైతే అది చివరి లెక్క. మీ బరంపురంలో రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణి యాత్రలో రాత్రి పులి వేషాన్ని ఐఎస్ఓ 3200లో 1/250కి తీస్తే గరుకుగా ఉన్నా బొమ్మ నిలుస్తుంది. నాయిస్‌కి భయపడి 1/30కి దిగితే మిగిలేది రంగుల చారలే.

వినేటప్పుడు వెంటనే సంజాయిషీ ఇవ్వకండి. ఇద్దరు విడివిడిగా ఒకే చోటు చూపిస్తే ఆ చోటుని నమ్మండి. వాళ్లు చెప్పిన మందు మాత్రం తప్పు కావచ్చు. ఒకరు క్రాప్ చెయ్యమంటారు, ఒకరు బ్లర్ చెయ్యమంటారు. అదే తీరానికి అదే వేళకి వెళ్లి, ఒక్క సెట్టింగే మార్చి తీసి, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టండి. జాలర్లని ముందు అడిగి తియ్యండి. ఒడిశా అయినా అక్కడ చాలామంది ఇళ్లలో తెలుగే, మాట కలపడం కష్టం కాదు.