మిట్టమధ్యాహ్నం 12 గంటలకు సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడా?

రోజూ ఉండడు. మా హైదరాబాద్‌లో అయితే ఏడాదికి రెండే రెండు రోజులు: మే 9, ఆగస్టు 3, ఒక రోజు అటూ ఇటూగా. ఆ రెండు రోజుల్లోనూ 12కి కాదు. ఆ సంగతి తెలియక నేనొకసారి డాబా మీద అరికాళ్లు కాల్చుకున్నాను.

మూడేళ్ల కిందట నీడ మాయమయ్యే రోజని పేపర్లో చూసి, టైమ్ చదవకుండా, సరిగ్గా 12కి మా అమ్మాయిని వెంటబెట్టుకుని పైకెళ్లాను. స్టీలు గ్లాసు పెట్టాం. పక్కన నీడ నిక్షేపంగా ఉంది. ఐదు నిమిషాలు ఒంటికాలి మీద గెంతి దిగిపోయాం. "పేపరోళ్లు ఊరికే రాస్తారు నాన్నా" అని తేల్చేసింది తను.

తర్వాత కూర్చుని లెక్క చూస్తే అర్థమైంది. మన గడియారాలు 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం లెక్కన నడుస్తాయి. అది కాకినాడ దగ్గరగా పోతుంది. హైదరాబాద్ దానికి 4 డిగ్రీలు పడమర. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది కాబట్టి సూర్యుడు ఇక్కడికి 16 నిమిషాలు ఆలస్యం. పైగా సూర్యుడేమీ ఏడాది పొడవునా టైమ్ పాటించే మనిషి కాదు. భూమి కక్ష్య కాస్త కోలగా ఉండటం, అక్షం వంగి ఉండటం వల్ల మే 9 ప్రాంతంలో మూడున్నర నిమిషాలు ముందుంటాడు. అది తీసేస్తే 12:12. ఆగస్టు 3న ఆరు నిమిషాలు వెనకబడతాడు, అందుకే అప్పుడు 12:22.

మరుసటి ఏడాది చెప్పులేసుకుని, 30 సెంటీమీటర్ల అంగుళం పైపు ముక్క పట్టుకుని వెళ్లాం. డాబాకి నీళ్లు పోవడానికి వాటం ఉంటుంది కదా, పైపు ఒరుగుతుంది. మేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి తెచ్చి, కింద అట్టముక్కలు పెట్టి నిటారుగా నిలబెట్టాను. 12కి బయట ఒకటిన్నర సెంటీమీటర్ల నీడ పడమటికి పడింది. పైపులోకి తొంగి చూస్తే అడుగున సగానికి పైగా చీకటి. నిమిషం నిమిషానికీ వెలుతురు పక్కకి జరుగుతూ వచ్చింది. 12:12కి అడుగంతా రూపాయి బిళ్లలా వెలిగింది, బయట నీడ లేదు. మా అమ్మాయి చూస్తానని తల అడ్డం పెట్టి ఆ వెలుతురూ పోగొట్టింది, అది వేరే విషయం.

రెండు రోజులే ఎందుకంటే, భూమి అక్షం 23.4 డిగ్రీలు వంగి ఉంది. అందుకే సూర్యుడు నడినెత్తిన ఉండే చోటు కర్కటరేఖకీ మకరరేఖకీ మధ్య అటూ ఇటూ తిరుగుతుంది. పైకి వెళ్లేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి మనల్ని దాటుతుంది. తిరుపతి మనకంటే దక్షిణాన ఉంది కాబట్టి ఏప్రిల్ చివర్లోనే దాటేస్తుంది, శ్రీకాకుళానికి మనకంటే కొన్ని రోజులు ఆలస్యం. హైదరాబాద్‌లో మే 9కీ ఆగస్టు 3కీ మధ్య మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది, ఇది చాలామంది గమనించరు. జూన్ 21న అదే పైపుకి 3 సెంటీమీటర్లు దక్షిణంగా, డిసెంబరు 22న 26 సెంటీమీటర్లు ఉత్తరంగా.

ఢిల్లీలో ఉండే మా బావమరిది మాత్రం ఏటా ఫోన్ చేసి "మాకెప్పుడు బావా?" అంటాడు. ఢిల్లీ కర్కటరేఖకి పైన ఉంది. వాడి పైపుకి జూన్ 21న కూడా రెండున్నర సెంటీమీటర్లకి తగ్గదు.