మహిళా ఛైర్‌పర్సన్ అంటే సంతకాలకేనా? కౌన్సిల్ సెక్షన్‌లో చూసింది చెప్తా

సగం సీట్లు ఆడవాళ్ళకిచ్చినా మున్సిపాలిటీలో పెత్తనం భర్తలదే కదా, ఇంక రిజర్వేషన్ ఎందుకు అని ఒకరు అడిగారు. నేను కోస్తాలో ఒక మున్సిపాలిటీలో కౌన్సిల్ సెక్షన్ చూశాను, అజెండాలు పంచేది, మినిట్స్ రాసేది మా సీటే.

భర్తల సంగతి నిజమే, కాదనను, కానీ దాన్ని పెంచి పోషించేది ఆఫీసు కూడా. కౌన్సిలర్ల లిస్టులో మేడం పేరు పక్కన సార్ (అంటే ఆవిడ భర్త) ఫోన్ నంబరు ఉంటుంది, అజెండా సార్ చేతికే వెళ్తుంది, ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారు వార్డులో డ్రైన్ పని చూపించేదీ సార్‌కే, ఇంక మీటింగ్ రోజు ఆవిడ ఏం మాట్లాడతారండీ?

మా దగ్గర ఒక ఛైర్‌పర్సన్ గారు ఉండేవారు, పొదుపు సంఘం లీడర్‌గా చేసి వచ్చారు, లెక్కల పుస్తకం అంటే బెదురు లేదు. ఒకసారి బోరు మోటార్ రిపేరు బిల్లు ర్యాటిఫికేషన్‌కి పెట్టారు (అర్జెంట్ అని పని ముందు చేయించేసి ఆమోదం తర్వాత అడగడం మామూలే లెండి). ఆవిడ పాత అజెండాలు తిరగేసి, ఇదే బోరుకి మొన్న వేసవిలోనూ వైండింగ్ చేయించారు కదా, ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) తెప్పించండి అన్నారు. డీఈ (డిప్యూటీ ఇంజనీర్) గారేమో అది టెక్నికల్ మేడం అని నవ్వారు. "మా ఇంట్లో మోటారూ కాలుద్దండీ, తెప్పించండి" అన్నారావిడ. ఐటెమ్ వాయిదా! ఆ తర్వాత ఇంజనీరింగ్ వాళ్ళు ఫైలు నేరుగా ఆవిడ టేబుల్ మీదకే తెచ్చేవాళ్ళు.

టర్మ్ అయ్యాక సీటు రిజర్వేషన్ మారింది, టికెట్ రాలేదు, నేర్చుకున్నదంతా ఇంటికి పోయింది. నన్నడిగితే భర్తల కన్నా ఈ రొటేషనే పెద్ద దెబ్బ.

అయినా రిజర్వేషన్ ఎందుకంటే, అది లేని రోజుల్లో 1962లో హైదరాబాద్‌కి మహిళా మేయర్ వచ్చారు, రాణీ కుముదినీ దేవి గారు, కానీ ఆవిడ వనపర్తి సంస్థానం వాళ్ళు. పొదుపు సంఘం నుంచి వచ్చేవాళ్ళకి దారి పడింది 1993లో రాజ్యాంగ 74వ సవరణ అమల్లోకొచ్చాకే, అప్పుడు మున్సిపల్ సీట్లలో మూడో వంతు ఆడవాళ్ళకి, మన దగ్గర తర్వాత సగం చేశారు.

ఇంకోటి, మేయర్ ఎవరైనా ఆఫీసు నడిపేది కమిషనరే. 2024లో కొన్నాళ్ళు జీహెచ్ఎంసీ (హైదరాబాద్ నగర పాలక సంస్థ)లో మేయర్ విజయలక్ష్మి గారు, కమిషనర్ ఆమ్రపాలి గారు, ఇద్దరూ మహిళలే. కింద మా ఊళ్ళో మాత్రం రోడ్లు ఊడ్చేది ఎక్కువ ఆడవాళ్ళు, మస్టర్ (హాజరు) వేసే మేస్త్రీ మగాయన, దాని గురించి ఎవరూ అడగరు.

మీ వార్డు కౌన్సిలర్ మహిళ అయితే కంప్లైంట్ ఆవిడ పేరు మీదే రాసి ఆవిడ చేతికే ఇవ్వండి, మధ్యలో సార్ చెయ్యి చాపినా సరే.