బిడ్డా, నీళ్లు చార్జింగ్ అయ్యాకే

బిడ్డా,

నువ్వు ఉద్యోగం వదిలి మేడ్చల్ గోదాములో 18 ఫోర్క్‌లిఫ్టుల బ్యాటరీ రూమ్ కాంట్రాక్టు పట్టావని మీ అమ్మ ఫోన్ చేసింది. ఆమె కంగారు పడుతుంటే నేనే ధైర్యం చెప్పాను. ఫోన్ పెట్టేశాక నా కంగారు మొదలైంది. డిప్లొమాలో చదివినదంతా నీకు గుర్తుండే ఉంటుంది. నేను రాసేది బ్యాటరీల్లో పోసే నీళ్ల గురించి. చూడ్డానికి చిన్న పనే. లక్షల రూపాయల బ్యాటరీలు పాడయ్యేది మాత్రం ఎక్కువగా అక్కడే.

ముందు కళ్లు. మామూలు కళ్లద్దాలు పనికిరావు, పక్కల నుంచి కూడా మూసుకుపోయే గాగుల్స్ పెట్టుకో. రబ్బరు గ్లౌజులు, ఏప్రన్ సరేసరి. యాసిడ్ చుక్క కంట్లో పడితే ఎవరినో పిలుస్తూ నిలబడకు. రెప్పలు తెరిచిపట్టి పారే నీళ్ల కింద పావుగంట కడుగు, ఆ తర్వాతే ఆసుపత్రి. కుళాయి బ్యాటరీకి పది అడుగుల్లోనే ఉండాలి, దారిలో ప్యాలెట్లు అడ్డం ఉండకూడదు. మొదటి రోజే కళ్లు మూసుకుని బ్యాటరీ దగ్గర నుంచి కుళాయి దాకా నడిచి చూడు. నవ్వకు, నిజంగానే నడువు. గాజులు, ఉంగరం, మెడలో గొలుసు ఇంట్లో పెట్టి వెళ్లు. సెల్లుల (బ్యాటరీలోని ఒక్కో 2 వోల్టుల డబ్బా) మీదికి వంగినప్పుడు గొలుసు రెండు టెర్మినళ్ల మధ్య పడిందంటే తీసే వ్యవధి కూడా ఉండదు. చున్నీ కూడా వద్దు. చార్జింగ్‌లో వచ్చే హైడ్రోజన్ గాలిలో 4 శాతానికి చేరితే నిప్పురవ్వ చాలు. అందుకే ఫ్యాన్ తిరుగుతుండాలి, బ్యాటరీ మీది మూత ఎత్తి ఉంచాలి, వెంట్ ప్లగ్గులు (సెల్లు నోటికుండే, గ్యాసు బయటికి వదిలే బిరడాలు) మాత్రం బిగించే ఉండాలి. బీడీ తాగే డ్రైవర్‌ని మొహమాటం లేకుండా బయటికి పంపు, వయసులో పెద్దవాడైనా సరే.

ఇక ఏ నీళ్లు? డీఎం వాటర్ (లవణాలు తీసేసిన నీళ్లు) లేదా డిస్టిల్డ్ వాటర్. క్యాన్ మీద ఐఎస్ 1069 (బ్యాటరీ నీళ్ల భారతీయ ప్రమాణం) ఉందో లేదో చూసి కొను. బోరు నీళ్లు, కుళాయిలో వచ్చే మంజీరా నీళ్లు, ఇంట్లో ఆర్‌ఓ నీళ్లు ఏవీ వద్దు. వాటిలోని క్లోరైడ్ సెల్లు లోపలి పాజిటివ్ ప్లేటుని తినేస్తుంది, ఇనుము ఉంటే బ్యాటరీ వాడకుండానే దిగిపోతుంది. ఏసీ నుంచి కారే నీళ్లు డిస్టిల్డ్ వాటరే అని మన ఊళ్లో సగం మందికి నమ్మకం. ఆ నీళ్లు కాయిల్ మీది దుమ్మును, లోహాన్ని కడుక్కుంటూ వస్తాయి. ఇంకో మాట. 20 లీటర్ల తాగునీటి క్యాన్లు, డీఎం క్యాన్లు ఒకేలా ఉంటాయి. ఎర్ర పెయింటు గీత వేసి వేరే మూల పెట్టించు. వాచ్‌మన్ పొరపాటున బ్యాటరీలో బోరు నీళ్లు పోసినా ప్రమాదమే, ఎవరైనా బ్యాటరీ రూమ్ క్యాన్ ఎత్తి తాగినా ప్రమాదమే. జగ్గు, గరాటు ప్లాస్టిక్‌వే కొను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మా తరమంతా చేసిన తప్పు ఇది, నేనూ చేశాను: చార్జింగ్ పెట్టే ముందు నీళ్లు పోయడం. షిఫ్ట్ అయిపోయి బండి వస్తుంది, ప్లగ్గు తీసి చూస్తే లెవెల్ కిందికి ఉంటుంది. మనసు ఊరుకోదు. నిండా పోసి, ప్లగ్గు బిగించి, చార్జర్ పెట్టి ఇంటికి పోతాం. దిగిపోయిన బ్యాటరీలో లెవెల్ కిందికి ఉండటం సహజం. చార్జింగ్ ఎక్కేకొద్దీ యాసిడ్ వేడెక్కి వ్యాకోచిస్తుంది. సెల్లు 2.4 వోల్టుల దగ్గరికి వచ్చేసరికి బుడగలు లేచి లెవెల్ ఇంకా పైకి వస్తుంది. ముందే నింపావు కదా, ఇక చోటెక్కడిది? ప్లగ్గు సందుల్లోంచి పొంగుతుంది. పొంగేది నీళ్లు కాదు బిడ్డా, యాసిడ్.

పొద్దున చల్లారాక లెవెల్ దిగుతుంది. మనం మళ్లీ నీళ్లే పోస్తాం. అలా ప్రతిసారీ కొంచెం యాసిడ్ బయటికి, కొంచెం నీళ్లు లోపలికి. 1.280 ఉండాల్సిన గ్రావిటీ (నీళ్లతో పోలిస్తే యాసిడ్ ఎన్ని రెట్లు బరువో చెప్పే అంకె) 1.250కి, ఇంకా కిందికి జారుతుంది. అన్ని సెల్లులూ ఒకేలా పొంగవు కాబట్టి 24 సెల్లుల్లో ఒక్కోదానిది ఒక్కో లెక్క అవుతుంది. పొంగిన యాసిడ్ సెల్లుల పైన తడిగా నిలిచి టెర్మినల్ నుంచి ఇనుప ట్రే దాకా కరెంటుకి దారి వేస్తుంది. ట్రే పెయింటు ఊడి, తుప్పు పట్టి, కింద చిల్లు పడుతుంది. వోల్ట్‌మీటర్ ఒక కొస టెర్మినల్‌కి, ఇంకో కొస ట్రేకి పెట్టి చూడు, ముల్లు కదిలితే లీకేజీ ఉన్నట్టే. అప్పుడు బండి రెండో షిఫ్ట్ దాకా నిలవదు. అందరూ బ్యాటరీ ముసలిదైపోయిందంటారు. గ్రావిటీ పడిందని ఎవడో తెలివైనవాడు యాసిడ్ పోయమంటాడు. పోయకు. చార్జింగ్ తక్కువై పడిందో, యాసిడ్ బయటికి పొంగిపోయి పడిందో తెలియకుండా పోస్తే ప్లేట్లు మాడిపోతాయి. అది కొలతలు తీసి కంపెనీ మెకానిక్ చేయాల్సిన పని.

కాబట్టి వరస ఇది: చార్జింగ్ పూర్తయ్యాక, లేదా ఆఖరి అరగంటలో బుడగలు వస్తుండగా పోయాలి. అప్పుడైతే నీళ్లు యాసిడ్‌లో కలుస్తాయి. చల్లారాక పోస్తే పైనే తేలుతూ ఉంటాయి, గ్రావిటీ కొలిచే హైడ్రోమీటర్ తక్కువ చూపిస్తుంది, నువ్వు అనవసరంగా భయపడతావు. అందుకే గ్రావిటీ ఎప్పుడూ నీళ్లు పోయకముందే చూసుకో. ప్లగ్గు దిగే వెంట్ గొట్టం అడుగుకి ఓ 6 మిల్లీమీటర్లు కిందే ఆపు. ఫ్లోట్ ప్లగ్గులుంటే (లెవెల్‌తో పాటు పైకి తేలే పుల్ల ఉన్నవి) పుల్ల మీది గుర్తు దాకా చాలు, ఇంకో చుక్క ఎందుకు? చార్జింగ్‌కి ముందు పోయడానికి ఒక్కటే మినహాయింపు. ప్లేట్లు బయటికి కనిపిస్తుంటే అవి మునిగేంత వరకే పోసి, మిగతాది చార్జింగ్ తర్వాత. గాలి తగిలిన ప్లేటు భాగం మళ్లీ కోలుకోదు.

ఎంత నీళ్లు పడతాయో నీకు ముందే తెలియాలి. చార్జింగ్‌లో అదనంగా వెళ్లే ఒక్కో యాంపియర్-అవర్‌కి (ఏహెచ్, అంటే గంటసేపు పారే ఒక యాంపియర్ కరెంటు) సెల్లులో 0.336 గ్రాముల నీళ్లు విడిపోతాయి. నీవి 48 వోల్టుల 600 ఏహెచ్ బ్యాటరీలనుకో. రోజుకి 480 ఏహెచ్ వాడి, 10 శాతం ఎక్కువ చార్జ్ చేస్తే అదనం 48. అంటే సెల్లుకి 16 మిల్లీలీటర్లు, 24 సెల్లులకి దగ్గర దగ్గర 390. వారానికి ఆరు రోజులు, 18 బండ్లు, మొత్తం 42 లీటర్లు. మూడు క్యాన్లు తెప్పించుకో. దీనికి రెట్టింపు పడుతోందంటే చార్జర్ సెట్టింగ్ చూడు. బ్యాటరీ పాతబడేకొద్దీ పాజిటివ్ ప్లేటు లోని యాంటిమొనీ అనే లోహం నెగెటివ్ ప్లేటు మీదికి చేరి గ్యాసు పెరుగుతుంది, కొంచెం ఎక్కువ తాగడం మామూలే. ఒక్క సెల్లే ఎక్కువ తాగుతూ గ్రావిటీ పడుతుంటే దాని జార్ (బయటి డబ్బా) పగిలిందేమో చూడు. అసలు తాగని సెల్లుని ఇంకా అనుమానించు, లోపల షార్ట్ అయ్యుంటుంది.

లెవెల్ వారానికోసారి చూడు. ఏప్రిల్, మే ఎండల్లో రేకుల షెడ్డు కింద రెండుసార్లు. యాసిడ్ వేడి 45 డిగ్రీలు దాటితే చార్జింగ్ ఆపి చల్లారనివ్వు. గ్రావిటీ చదివేటప్పుడు వేడి లెక్క మరిచిపోకు. 27 డిగ్రీల పైన ప్రతి 10 డిగ్రీలకి 0.007 కలపాలి. 42 డిగ్రీల దగ్గర 1.270 కనిపిస్తే అది నిజానికి 1.280.

గోదాము వాళ్లు నీళ్లు వాటంతటవే నింపే ఆటోఫిల్ పైపులు ఉన్నాయంటారు, మంచిదే. అయినా నెలకోసారి ప్లగ్గులు తీసి కళ్లతో చూడు. ఒక్క ఫ్లోట్ ఇరుక్కుంటే ఆ సెల్లు పొంగుతూనే ఉంటుంది. పైన కడగడానికి లీటరు నీళ్లలో 100 గ్రాముల వంటసోడా కలుపు. ప్లగ్గులన్నీ బిగించాకే పోయాలి. సోడా సెల్లులోకి దిగితే యాసిడ్ చచ్చిపోతుంది. బుసబుసలు ఆగాక మంచినీళ్లతో కడిగి తుడిచేయి.

ప్రతి బ్యాటరీకి ఒక నోటుబుక్ పెట్టు. తేదీ, ఎన్ని నీళ్లు, ఏ సెల్లు గ్రావిటీ ఎంత, అంతే. గోదాము వాళ్లతో గొడవ వచ్చిన రోజు నీ తరఫున మాట్లాడేది అదే.

నా హైడ్రోమీటర్ గుడ్డలో చుట్టి మీ నాయిన చేతికిచ్చాను. గాజు బాగానే ఉంది, రబ్బరు బల్బు గట్టిపడింది, కొత్తది వేయించుకో. గాగుల్స్ మాత్రం నా పాతవి వాడకు, గీతలు పడ్డాయి. రెండు జతలు కొను, ఒకటి నీ దగ్గర పనిచేసే పిల్లాడికి.

మీ పెద్దనాయిన