హెచ్‌పీవీ పాజిటివ్ వస్తే భర్తను అనుమానించాలా?

పెళ్లయిన ఇన్నేళ్లకు హెచ్‌పీవీ (లైంగిక కలయికతో సోకే, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దారితీయగల వైరస్) పాజిటివ్ వచ్చింది, మా ఆయన్ని అనుమానించాలా, ఇప్పుడు టీకా వేయించుకుంటే పోతుందా అని అడిగారు. దయచేసి ఆ కాగితం పట్టుకుని ఆయన్ని నిలదీయకండి. ఈ వైరస్ ఏ లక్షణమూ లేకుండా ఏళ్ల తరబడి ఒంట్లో ఉండిపోగలదు. ఎప్పుడు, ఎవరి నుంచి వచ్చిందో ఏ పరీక్షా చెప్పదు.

బెంగళూరులో మా ఆడపడుచుకీ ఇదే జరిగింది. మారతహళ్లిలో ఉంటారు. ల్యాబ్‌లో వాళ్లాయన నంబరు ఇచ్చింది, పీడీఎఫ్ ఆయన వాట్సాప్‌కే వచ్చింది. ఎర్ర అక్షరాల్లో 'డిటెక్టెడ్, టైప్ 16' అని ఉంది, కింద ఒక్క ముక్క వివరణ లేదు. అలా పంపి చేతులు దులుపుకునే ల్యాబులను ఏమనాలి? నేను వెళ్లేసరికి కంచాల్లో అన్నం ఎండిపోయి ఉంది. ఆమె లోపల గడియ పెట్టుకుంది, ఆయన సోఫాలో తల పట్టుకుని కూర్చున్నాడు. ఆమెకు ఆయన మీద అనుమానం, ఆయనకు ఆమె మీద.

మర్నాడు నేనే తీసుకెళ్లాను. ఓపీ కౌంటర్‌లో అందరి ముందూ "మ్యారీడా?" అని గట్టిగా అడగడం ఇంకో దరిద్రం. డాక్టరమ్మ అనంతపురం ఆవిడ. "ఇద్దరిలో ఎవరిదో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడమ్మా. తగువు మాని కాల్పోస్కోపీ చేయించుకో" అంది. ఆ పరీక్షలో వెనిగర్ లాంటి ద్రావణం పూసి, భూతద్దం లాంటి పరికరంతో గర్భాశయ ముఖద్వారాన్ని చూశారు. మచ్చలేమీ లేవు, ఏడాదికి మళ్లీ రమ్మన్నారు.

చాలామందికి ఇది రెండేళ్లలో దానంతటదే పోతుంది. అలాగని వదిలేయకూడదు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో సుమారు 70 శాతం 16, 18 రకాల వల్లే. ఉన్న వైరస్‌ను టీకా పోగొట్టదు, ఇంకా సోకని రకాలను ఆపుతుంది. మీ వయసుకు ఎంత లాభమో డాక్టరునే అడగండి. కండోమ్ ముప్పు తగ్గిస్తుంది కానీ, జననాంగాల దగ్గరి చర్మం తగిలినా అంటుకునేది కాబట్టి పూర్తిగా ఆపలేదు.

పిల్లలకైతే 9 నుంచి 14 ఏళ్ల మధ్య వేయిస్తే ఎక్కువ మేలు. మా అమ్మ వెంటనే ఖమ్మం మాట ఎత్తింది. 2009లో అక్కడ చాలామంది ఆడపిల్లలకు తల్లిదండ్రులను అడగకుండా హాస్టల్ వార్డెన్ల సంతకాలతో ఈ టీకా వేశారు, అది ఘోరమే. ఆ తర్వాత కొందరు పిల్లలు చనిపోయారు. కానీ ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్టు విచారణలో తేలలేదు. ఆ భయంతో మన ఆడపిల్లలకు టీకా మానేస్తే ఎవరికి నష్టం?

మా అమ్మాయితో పాటు అబ్బాయికీ వేయించాం. "అబ్బాయికెందుకు మేడమ్?" అన్నారు క్లినిక్‌లో. ఈ వైరస్ వల్ల గొంతు క్యాన్సర్ మగవాళ్లకూ వస్తుంది, వైరస్‌ను మోసేదీ ఇద్దరూనూ. మీకు కాల్పోస్కోపీ రాసి ఉంటే మాత్రం ఈ వారమే వెళ్లండి, ఆయన్నీ వెంట తీసుకెళ్లి డాక్టరు మాట ఆయన చెవినే పడేలా చూడండి.