మందుల బిల్లు తగ్గాలంటే ముందు ఏది ఆపాలి?

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. రాజమహేంద్రవరంలో ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. నాలుగేళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి. నెలకు మందులకు 3,800, ప్రోటీన్ పౌడరు, ఒమేగా-3, మల్టీవిటమిన్, కొల్లాజెన్‌లకు కలిపి 4,400, మొత్తం 8,200 రూపాయలు అవుతోంది. రెండు నెలలుగా పొద్దున్నే నడుస్తున్నాను, రాత్రి అన్నం మానేశాను. ఆరు నెలల్లో మందులన్నీ ఆపేసి ఆ డబ్బుతో సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టుబడి) మొదలుపెడదామని ఉంది. మందులు ఆపాక సొంతంగా ఆరోగ్య బీమా తీసుకుంటే ప్రీమియం తక్కువ పడుతుందా?

జవాబు: రెండు నెలలు నడక నిలబెట్టుకున్నారంటే సంతోషంగా ఉంది. కానీ మీ ఆలోచనలో వరుస మారాలి. ముందు చూడాల్సింది మందుల సంగతి కాదు, డాక్టరు రాయని ఆ 4,400 రూపాయల సంగతి.

మీరు పంపిన ఫొటోలో పౌడరు డబ్బా లేబుల్ చదివాను. రోజుకు ఒక స్కూపు, అందులో 10 గ్రాముల ప్రోటీన్. డబ్బా ధర 2,200, అంటే రోజుకు 73 రూపాయలు. రెండు కోడిగుడ్లలో సుమారు 12 గ్రాములు ఉంటుంది, ఖర్చు ఇరవై రూపాయల లోపే. గుడ్డు తినకపోతే పప్పు, పెరుగు, ఉడికించిన సెనగలు ఉన్నాయి. కండ పెంచుకోవడానికి ప్రోటీన్ సప్లిమెంట్లు వాడొద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది కూడా. కొల్లాజెన్, ఒమేగా-3 ఎవరు రాశారని అడిగితే తెలిసినవాళ్లు అమ్మారని రాశారు. మొహమాటానికి నెలనెలా వేలు పోయనక్కర్లేదు. ఒక్క జాగ్రత్త: మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బీ12 తగ్గే అవకాశం ఉంది. ఆ పరీక్ష చేయించుకుని, డాక్టరును అడిగాకే మల్టీవిటమిన్ ఆపండి.

ఇక మందులు. మీ చీటీలో గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర ఉంది. రాత్రి అన్నం మానేసి, పొద్దున్నే నడుస్తూ, పాత డోసే వేసుకుంటే షుగర్ మరీ పడిపోవచ్చు. చెమటలు పట్టడం, చేతులు వణకడం, కళ్లు తిరగడం దాని గుర్తులు. అందుకే ఆరు నెలలు ఆగకుండా ఈ వారమే డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఇంట్లో చూసుకున్న షుగర్, బీపీ రీడింగులు ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి. తగ్గించాల్సిన డోసు ఆయనే తగ్గిస్తారు. మీ అంతట మీరు ఏ మాత్రా ఆపొద్దు. కొలెస్ట్రాల్ రిపోర్టు బాగుందని అటోర్వాస్టాటిన్ మానేసేవాళ్లను చాలామందిని చూస్తుంటాను. రిపోర్టు బాగుండటానికి ఆ మాత్రే కారణం కావచ్చు. గ్యాస్ మాత్ర కూడా ఏళ్లుగా వాడి ఒక్కసారిగా ఆపితే మంట ఎక్కువవుతుంది.

మీ ఆశ మాత్రం అత్యాశ కాదు. 2017లో బ్రిటన్‌లో వెలువడిన డైరెక్ట్ అనే అధ్యయనంలో, డాక్టర్ల పర్యవేక్షణలో బరువు బాగా తగ్గించుకునే కార్యక్రమంలో చేరినవాళ్లలో 46 శాతం మందికి ఏడాది తిరిగేసరికి మందుల్లేకుండానే షుగర్ అదుపులో ఉంది. వాళ్లంతా షుగర్ వచ్చి ఆరేళ్లు దాటనివాళ్లు, ఇన్సులిన్ వాడనివాళ్లు. మీకు నాలుగో ఏడే కాబట్టి ప్రయత్నించడానికి ఇదే అదను. బీపీ కోసం ఉప్పు రోజుకు 5 గ్రాములు మించకుండా చూసుకోండి. పూటపూటా ఆవకాయ, అప్పడం ఉంటే ఆ హద్దు ఎప్పుడు దాటామో తెలియదు.

డోసు తగ్గకపోయినా బిల్లు తగ్గే దారి ఒకటి ఉంది. మీ 3,800లో 1,800 ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మందు ఒక్కదానికే పోతోంది. దాని పేటెంట్ 2025 మార్చిలో ముగిసింది. అదే మందు ఇప్పుడు చాలా కంపెనీల నుంచి ఎన్నో రెట్లు తక్కువ ధరకు దొరుకుతోంది. బ్రాండు మార్చి రాయమని డాక్టరును అడగండి. మిగతావి జన ఔషధి కేంద్రంలో చూడండి. మందు పేరు, మిల్లీగ్రాములు చీటీలో ఉన్నట్టే ఉన్నాయో లేదో సరిచూసుకోండి.

సిప్ విషయానికొస్తే, తగ్గబోయే బిల్లును కాకుండా తగ్గిన బిల్లునే పెట్టుబడికి లెక్కేయండి. సప్లిమెంట్లు ఆపితే మిగిలే 4,400లో 1,200 గుడ్లకు, కూరగాయలకు, మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) పరీక్షకు పక్కన పెట్టండి. మిగిలిన 3,200 తొలి ఏడాది బ్యాంకులో ఆర్‌డీ (నెలనెలా కట్టే డిపాజిట్) వేసి, వైద్య ఖర్చుల నిధిగా ఉంచండి. సిప్ ఆ తర్వాతే.

బీమాకు మాత్రం మందులు ఆగేదాకా ఎదురుచూడొద్దు. కంపెనీ ఇచ్చే బీమా చాలాచోట్ల ఉద్యోగంతోనే పోతుంది. ముందునుంచీ ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్, అంటే వాటికి క్లెయిమ్ ఇవ్వని గడువు, గరిష్ఠంగా 36 నెలలు. ఇప్పుడు తీసుకుంటే 55 ఏళ్లకల్లా అది పూర్తవుతుంది. వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద జీఎస్టీ కూడా 2025 సెప్టెంబరు 22 నుంచి లేదు. రేపు మందులన్నీ ఆగినా షుగర్ వచ్చిన సంగతి దాచకూడదు. దాచినట్టు తేలితే క్లెయిమ్ తిరస్కరిస్తారు. ప్రపోజల్ ఫారం ఏజెంటుకు వదిలేయకుండా మీరే నింపండి. షుగర్, బీపీ ఎప్పటి నుంచి ఉన్నాయో, ఏ మందులు వాడుతున్నారో అన్నీ రాసి, సంతకం చేసిన కాపీ ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.