పక్కింట్లో డెంగీ ఉంటే మనకూ వస్తుందా?

"పక్క పోర్షన్‌లో పిల్లాడికి డెంగీ. చూడ్డానికి వెళ్తే మాకూ అంటుకుంటుందా? అసలు దోమ కుడితే ఒంట్లో ఏమవుతుంది?" అని అడిగారు కదా. నిక్షేపంగా వెళ్లి చూసి రండి. పక్కన కూర్చున్నా, ఒకే కంచంలో తిన్నా డెంగీ రాదు. మధ్యలో దోమ ఉండాలి.

రామంతపూర్‌లో ఉన్నప్పుడు ముందు మా బాబుకు వచ్చింది. వాడికి జ్వరం మొదలైన 18వ రోజున నాకు. అప్పటికి వాడు బడికి కూడా వెళ్తున్నాడు. మరి నాకెలా వచ్చిందని అడిగితే డాక్టరు గారు వేళ్ల మీద లెక్క వేసి చూపించారు. జ్వరంతో ఉన్న మనిషి రక్తం తాగిన దోమ వెంటనే ఇంకొకరికి అంటించలేదు. వైరస్ ముందు దాని పేగుల్లో పెరిగి, ఆ తర్వాత లాలాజల గ్రంథులకు చేరాలి. దానికి 8 నుంచి 12 రోజులు పడుతుంది. ఇక ఆ దోమ బతికినన్నాళ్లూ ప్రమాదమే. అది కుట్టాక మనకు జ్వరం రావడానికి మరో 4 నుంచి 10 రోజులు.

దోమ లాలాజలంతో చర్మంలోకి దిగిన వైరస్ మొదట పట్టేది అక్కడ కాపలా ఉండే రోగనిరోధక కణాలనే. కణం పైనున్న ప్రొటీన్లకు అతుక్కుంటే, ఆ కణమే దాన్ని చిన్న సంచిలో చుట్టి లోపలికి తీసుకుంటుంది. సంచిలో ఆమ్లం పెరగగానే వైరస్ పైతొడుగు ప్రొటీన్ ఆకారం మారి, దాని పొర సంచి పొరతో కలిసిపోతుంది. లోపలున్న ఆర్‌ఎన్‌ఏ, అంటే వైరస్ తయారీ సూచనలు రాసున్న పోగు, కణంలోకి జారుతుంది. కణం దాన్ని తన సొంత ఆర్‌ఎన్‌ఏలాగే చదివి వైరస్ ప్రొటీన్లు తయారుచేసి పెడుతుంది. వాటిలో ఒకటి రక్తంలోకి వస్తుంది. జ్వరం మొదటి రోజుల్లో రాసే ఎన్‌ఎస్1 టెస్టు వెతికేది దాన్నే.

డెంగీలో 4 రకాలున్నాయి. రెండోసారి వేరే రకం సోకితే, పాత యాంటీబాడీలు వైరస్‌ను ఆపలేకపోగా కణాల్లోకి వెళ్లడానికి దానికే సాయపడే ప్రమాదం ఉంది. అందుకే మా బాబుకు ఏ జ్వరం వచ్చినా నాకు ఇప్పటికీ టెన్షనే.

మాకు మంజీర నీళ్లు రోజు విడిచి రోజు వచ్చేవి. బాత్రూమ్ బయట నీలం డ్రమ్ములో పట్టుకునేవాళ్లం. ఒకరోజు టార్చి వేసి చూస్తే సన్నటి పురుగులు మెలికలు తిరుగుతూ అడుక్కి దిగాయి. నీళ్లు పారబోస్తే సరిపోతుందనుకున్నాను. కానీ నీటి గీత దగ్గర గోడకు ఆవగింజ కంటే చిన్న నల్లటి చుక్కలు అంటుకుని ఉన్నాయి. అవి గుడ్లు. ఎండిపోయినా నెలల తరబడి ఉండి, మళ్లీ నీళ్లు తగలగానే పిల్లలవుతాయి. అందుకని కొబ్బరి పీచు పెట్టి గోడంతా తోమాలి. కూలర్ ట్రే కూడా అంతే.

జ్వరం దిగుతున్నప్పుడు కడుపునొప్పి, ఆగని వాంతులు ఉంటే ఆ పిల్లాణ్ని వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లమనండి.

ఇంకో మాట. మేము బాబుకు రాత్రిపూట మాత్రమే దోమతెర కట్టాం. ఈ దోమ కుట్టేది పగలు, ముఖ్యంగా పొద్దున్నే, మళ్లీ చీకటి పడేముందు. జ్వరం ఉన్నన్ని రోజులూ ఆ పిల్లాడు పగలు కూడా తెరలోనే పడుకోవాలి, లేకపోతే వాణ్ని కుట్టిన దోమే రెండు వారాలకు మీ గదిలోకి వస్తుంది. వాళ్లింట్లో తెర లేకపోతే ఈ పూటే మీది తీసుకెళ్లి కట్టిరండి.