అమెరికా స్వాతంత్ర్య ప్రకటన అంత గొప్పగా రాశారంటారు, నిజంగా అందులో ఏముంది?

"మనుషులంతా సమానంగా పుట్టారు" అన్న రెండో పేరానే అందరూ చెబుతారు. గుంటూరు అరండల్‌పేటలో మావాడు వెళ్ళిన కోచింగులోనూ ఆ ఒక్క పేరాతోనే సరిపెట్టారు, ఫీజు మాత్రం పూర్తిగా గుంజారు. నన్నడిగితే దాని బలం ఆ తర్వాత, అప్పట్లో అమెరికా వలసలను ఏలుతున్న బ్రిటన్ రాజు మూడో జార్జి మీద ఏకరువు పెట్టిన 27 ఫిర్యాదుల్లో ఉంది.

మా నాన్న కలెక్టరాఫీసు బయట చెట్టుకింద అర్జీలు రాసేవారు. ఓసారి ఒక మిరప రైతు వచ్చి, కమీషన్ వ్యాపారి డబ్బు ఎగ్గొట్టాడని వాళ్ళ తాత కాలం నుంచి ఎత్తుకున్నాడు. నాన్న టీ తెప్పించి అరగంట విన్నారు. రాసింది మాత్రం ఒక్క ఠావు. సదరు వ్యాపారి తరుగు ఎక్కువ తీశాడు. సదరు వ్యాపారి చీటీ ఇవ్వలేదు. సదరు వ్యాపారి మూడు వాయిదాలు చెప్పాడు. "నా సరుకు తాలు అన్నాడని కూడా రాయండి రైటరు గారూ" అన్నాడు రైతు. నాన్న కళ్ళజోడు పైనుంచి చూసి, "కలిపావా, లేదా?" అన్నారు. అతను నేల చూశాడు. ఆ ముక్క అర్జీలోకి ఎక్కలేదు.

1776లో ఈ ప్రకటన చిత్తు రాసిన థామస్ జెఫర్సన్‌దీ అదే పద్ధతి. వరసపెట్టి "అతడు... అతడు...". చట్టాలు ఆమోదించలేదు, సభలు రద్దు చేశాడు. పన్నులు వేసింది బ్రిటిష్ పార్లమెంటు, అయినా దాని పేరే ఎత్తకుండా "ఇతరులతో కలిసి" అని దాటేశారు. ముద్దాయి ఒక్కడే ఉండాలి కదా! బానిస వ్యాపారాన్ని కూడా రాజు నెత్తినే రుద్దిన పేరా చిత్తులో ఉంటే వలసల ప్రతినిధుల సభ, అంటే అక్కడి కాంగ్రెస్, కొట్టేసింది. జెఫర్సన్ దగ్గరే బానిసలున్నారు మరి. రైతు తాలు కాయల్లాగే ఆ ముక్కా ఎక్కలేదు.



ఒక్క తేడా ఉంది. అర్జీ దొరవారికి రాస్తాం, దీన్ని లోకానికి రాశారు. ఎన్ని అర్జీలు పెట్టుకున్నా తిరిగి దెబ్బలే తగిలాయని అందులోనే చెప్పుకున్నారు. 1930 జనవరి 26న మనవాళ్ళు చదివిన పూర్ణ స్వరాజ్ ప్రతిజ్ఞ నడకా ఇదే: ముందు హక్కు, వెంటనే నష్టాల చిట్టా.

రైతుకి సగం డబ్బే వచ్చింది. మిగతా సగానికి నాన్న ఇంకో రెండు అర్జీలు రాశారు, ఊరికే.